మూడు రోజులు అలిగిన బతుకమ్మ

పండుగ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది నడుము నొప్పి. దేవుడు ఆ తరవాత. ఈ మాట అంటే మా మనవరాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఇన్నేళ్లుగా ఇన్ని పండుగలు ఈడ్చుకొచ్చినదాన్ని, ఆ మాత్రం అనే హక్కు నాకుంది. పండుగ దేవుళ్లకు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఇంటి ఆడదానికి మాత్రం ముందురోజు పని, ఆ రోజు పని, మర్నాడు గిన్నెలు తోముకునే పని.

అందులోనూ బతుకమ్మ తొమ్మిది రోజులు. భాద్రపద అమావాస్యనాడు, మేం పెత్తరమాస అంటాం, ఆ రోజు మొదలవుతుంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడి, ఏ పువ్వు దొరికితే ఆ పువ్వు తేవాలి. కాడలు తుంచాలి, గునుగు కొసలకు రంగులద్దాలి, ఇత్తడి తాంబాళంలో వరసలు వరసలుగా గోపురంలా పేర్చాలి, పైన పసుపుముద్దతో గౌరమ్మను చేసి కూర్చోబెట్టాలి. రోజుకో నైవేద్యం. ఒకనాడు అటుకులు, ఒకనాడు ముద్దపప్పు, ఒకనాడు నానబియ్యం, ఒకనాడు అట్లు. సాయంత్రం గల్లీ ఆడవాళ్లంతా తాంబాళాలను నడుమ పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టి పాడతారు. దీపాలవేళకు అంత కష్టపడి పేర్చినదాన్ని నీళ్లలో వదిలేసి ఖాళీ తాంబాళంతో ఇంటికొస్తారు. పొద్దున మళ్లీ మొదలు. పూజారి ఉండడు, మంత్రం ఉండదు. గుడిలో దేవుడి మీద వేయని పూలే ఇక్కడ దేవత.

ఆ తొమ్మిదిలో ఒక రోజు వేరు. ఆరో రోజు. దాన్ని అలిగిన బతుకమ్మ అంటారు. ఆ రోజు అమ్మవారు అలిగి ఉంటుందట. పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు, పాట పాడరు. దేవుణ్ణి మేల్కొలిపే పండుగలు ఉన్నాయి, పెళ్లి చేసే పండుగలు ఉన్నాయి. ఇవాళ నేను రాను అని అమ్మవారు అంటే, సరే తల్లీ, రాకు అని ఊరుకునే పండుగ నాకు తెలిసి ఇదొక్కటే. ఇన్నేళ్లలో ఎన్ని వ్రతాలు వదిలేసినా దీన్ని నేను వదలకపోవడానికి కారణం ఆ ఆరో రోజే. అదీ ఒక్క ఏడాది ఆరో రోజు. యాభైల నాటి మాట.

మా అత్తవారిల్లు పాత షహరులో, గౌలిపురాలో. గల్లీ పొడుగునా బర్రెలు, పాల డబ్బాలు, గోడల మీద పిడకలు. గల్లీ చివర చిన్న గుడి, మా మామగారు దాని అర్చకులు. ముహూర్తానికైనా, ప్రయాణానికైనా గల్లీ మొత్తానికి ఆయన పంచాంగమే దిక్కు. ఒక ఘడియ అటూ ఇటూ కానిచ్చేవారు కాదు. మా ఆయన సర్కారు దఫ్తరులో గుమాస్తా. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని పోతే దీపాలు పెట్టేవేళకు వచ్చేవారు. పగలంతా ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తమ్మా.

అత్త లేని కోడలు ఉత్తమురాలు అని సామెత కట్టినవాళ్లు మా అత్తమ్మను చూసే కట్టి ఉంటారని ఆ రోజుల్లో నా నమ్మకం. ఆమె తిట్టేది కాదు. తిడితే బాగుండేది, కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడానికి ఒక సాకు దొరికేది. మాట తక్కువ, పని ఎక్కువ. పగటిపూట ఆమె నడుం వాల్చడం నేను ఎన్నడూ చూడలేదు. తలనొప్పి వచ్చినా తలకు గుడ్డ కట్టుకుని పప్పు ఏరుతూ కూర్చునేది. ఆమె కూర్చోకపోతే నేనెట్లా కూర్చుంటాను? అట్లా ఇద్దరం పోటీలు పడి అరిగిపోయాం.

ఆమెకు చదువు రాదు కానీ లెక్క తప్పదు. వంటింటి గూట్లో రెండు చిన్న ఇత్తడి గిన్నెలు ఉండేవి. బతుకమ్మకు ముందురోజు ఎడమ గిన్నెలో తొమ్మిది చింతగింజలు వేసేది. ఆ తరవాత రోజూ పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఒక గింజ తీసి కుడి గిన్నెలో వేసేది. ఎడమ గిన్నె ఖాళీ అయిన రోజు సద్దుల బతుకమ్మ, అంటే చివరి రోజు. ఆ గింజలు ఆమె అత్తగారి కాలంనాటివి, అరిగి అరిగి నల్లగా మెరిసేవి. గల్లీ ఆడవాళ్లంతా మా ఇంటి గింజల ప్రకారమే ఆడేవాళ్లు. మా తాంబాళం గుడి ముందరి ఖాళీ జాగాలోకి వచ్చాకనే మిగతావాళ్లవి వచ్చేవి. "అయ్యగారి పంచాంగమన్న తప్పుతదేమో గని అయ్యగారమ్మ గింజ తప్పది," అని ఎదురింటి పాలామె అనేది. మామగారు ఇంట్లో లేనప్పుడే లెండి.

ఆ ఏడు ఆషాఢంలో, బోనాల డప్పులు మోగుతుండగా, నాకు కొడుకు పుట్టాడు. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది కాబట్టి పురుడు అత్తవారింట్లోనే. నెలలు నిండకముందే పుట్టాడు. ఎనిమిది రోజులు బతికాడు.

పేరు పెట్టలేదు. అందుకే ఇప్పుడు తలుచుకోవడానికి కూడా ఒక పేరు లేదు నాకు. ఆ పొద్దున మామగారు వాకిట్లో నిలబడి ఎవరితోనో అన్న మాట లోపలికి వినిపించింది. "పేరు పెట్టని పిల్లగానికి కర్మ లేదు. తానాలు జేస్తే సరిపాయె." ఆయన తప్పు చెప్పలేదు. పెద్దవాళ్లు పోతే ఏడవడానికి ఒక పద్ధతి ఉంది. పిండాలున్నాయి, రోజులున్నాయి, ఏడాదిపాటు పండుగ చేయకుండా ఉండే వీలుంది. ఎనిమిది రోజులవాడికి ఏమీ లేదు. వాణ్ణి గుడ్డలో చుట్టి తీసుకుపోయారు, వచ్చి స్నానాలు చేశారు. మర్నాడు మా ఆయన దఫ్తరుకు పోయారు. పోయేముందు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, విప్పి, మళ్లీ వేసుకున్నారు.

పాలు మాత్రం ఆగలేదు. బయట గల్లీ నిండా పాలు, లోపల నేను. మంత్రసాని వచ్చి మల్లెపూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టేది, పాలు ఇంకిపోతాయని. అవి వాడి కమిలిపోతే తీసేసి కొత్తవి కట్టేది. ఆ తరవాత నేను మల్లెలు తలలో పెట్టుకోలేదు. ఎవరైనా అడిగితే తలనొప్పి వస్తుందని చెప్పేదాన్ని, ఇప్పటికీ అదే చెబుతున్నాను.

అత్తమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. పథ్యం వండిపెట్టింది, వేడినీళ్లు పోసింది. నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే వచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయేది. దగ్గర కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే ఏం పోయేది? రాయి అనుకున్నాను. ఆమె మీద కోపం ఉండటం వల్లనే ఆ నెలల్లో నేను లేచి తిరగగలిగాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

వర్షాలు తగ్గి బతుకమ్మ వచ్చింది. ఈ ఏడు వద్దు అంటుందేమోనని చిన్న ఆశ పెట్టుకున్నాను. పెత్తరమాస ముందురోజు చూస్తే గూట్లో గింజలు వేస్తోంది. "రేపు పూలామె జల్ది వస్తది. పొద్దుగాల్నే లేవు బిడ్డా," అంది. అంతే. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఐదు రోజులు చేశాను. చేతులు చేస్తున్నాయి, నేను వాటిని చూస్తున్నాను. తంగేడు పుప్పొడితో వేళ్లు పచ్చబడేవి, గునుగు రంగులతో గోళ్లు ఎర్రబడేవి. సాయంత్రం గుడి ముందు తిరిగేటప్పుడు ఇంకా కష్టం. బతుకమ్మ పాట ఏది పాడినా వరస చివర ఉయ్యాల అనే మాట వస్తుంది. చిన్నప్పటినుంచీ పాడుతున్నాను, ఆ మాటకు ఒక అర్థం ఉందని ఎన్నడూ తోచలేదు. ఆ ఏడు వరస వరసకూ తోచింది. ఎదురింటి పాలామె పురిటికని ఇచ్చిన కర్ర ఉయ్యాలను అప్పటికే తిరిగి తీసుకుపోయింది, నా కంట పడకుండా, నేను నిద్రపోయే వేళ చూసి. నేను పెదాలు కదిపేదాన్ని, గొంతు కలిపేదాన్ని కాదు.

ఐదోనాటి అట్లు పోసి, పొగకు కళ్లు మండుతుండగా, నేను ఎడమ గిన్నెలోకి తొంగిచూశాను. నాలుగు గింజలున్నాయి. రేపు ఒక్క రోజు. ఆ ఒక్క రోజు నన్ను ఎవరూ లేపరు. అంతకన్నా ఆ దేవతను నేను అడిగింది ఏమీ లేదు.

ఆరో రోజు పొద్దున గింజ కుడి గిన్నెలో పడ్డ చప్పుడు పడుకునే విన్నాను. "ఇయ్యాల అమ్మ అలిగింది. పూల పని లేదు. పండుకో," అంది అత్తమ్మ. మధ్యాహ్నం లేచి అన్నం తింటూ, ఆమెతో ఎన్నడూ లేనిది, ఒక ప్రశ్న అడిగాను. అమ్మవారు ఎందుకు అలిగిందత్తమ్మా అని. పాలామె ఒక కథ చెప్పేది, ఎప్పుడో ఎవరో నీసు చేతులతో బతుకమ్మను ముట్టుకున్నారని. మామగారేమో ఇది ఏ పురాణంలోనూ లేదనేవారు. అత్తమ్మ నాకు చారు పోసింది.

"ఐదు దినాలు ఒక్కతీరుగ ఆడితే ఎవ్వలకన్న అలుపు రాదా?" అంది. "దేవతైతేంది."

నేను మళ్లీ వెళ్లి పడుకున్నాను. దేవతకు నయం అనుకున్నాను. అలగాలంటే బతిమాలేవాళ్లుండాలి. ఊళ్లో ఇంతమంది ఆడవాళ్లు ఆమెకోసం చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను అలిగితే చూసేవాళ్లెవరు?

ఏడో రోజు పొద్దున నేను లేవలేదు. లేవకూడదని అనుకోలేదు. లేవాలనే అనుకున్నాను, కాళ్లు నా మాట వినలేదు. ఒంట్లో జ్వరం లేదు, నొప్పి లేదు. చెయ్యి ఎత్తడానికి కూడా ఓపిక లేదు, అంతే. ఆ రోజు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండితో వేపకాయలంత ఉండలు చేసి నూనెలో వేయించాలి. పిండి నేనే విసరాలి. ఇంకాసేపట్లో అత్తమ్మ వచ్చి గుమ్మంలో నిలబడుతుందని ఎదురుచూస్తున్నాను. బావి దగ్గర ఆమె స్నానం చేసిన చప్పుడు వినిపించింది. తడికాళ్లతో వంటింట్లోకి వచ్చింది. గూటి ముందు ఆగింది. నా గదిలోకి చూసింది కాబోలు. కాసేపటికి పొయ్యి దగ్గర పుల్లలు విరిచిన చప్పుడైంది.

గింజ పడ్డ చప్పుడు మాత్రం రాలేదు.

పాలామె పాలు పోయడానికి వచ్చింది. పెళ్లైన కూతురు మొదటి బతుకమ్మకు పుట్టింటికి వచ్చి ఉంది, ఆ సంబరం ఆమె గొంతులో ఉంది. "అమ్మగారూ, ఇయ్యాల ఏపకాయలది గదా, మా పిల్ల పొద్దటి సంది లొల్లి చేస్తున్నది, ఎన్ని గంటలు గొట్టంగ పోతం?" అని అడిగింది.

"ఇయ్యాల లేదు," అంది అత్తమ్మ.

"ఏంది?"

"ఇయ్యాల ఆరో దినమే. అమ్మ అలిగున్నది."

నిన్ననే కదా గల్లీ అంతా ఊరుకున్నది. బయట చెంబులో పాలు పోస్తున్న ధార ఆగిపోయింది. తరవాత మళ్లీ మొదలైంది.

"మా లెక్కల గూడ ఆరోదే అయితది అట్లయితే," అంది పాలామె, గొంతు తగ్గించి. "అందరికి చెప్త తియ్యి."

ఆ సాయంత్రం మా గల్లీలో పాట లేదు. వెనక గల్లీనుంచి చప్పట్లు, పాట స్పష్టంగా వినిపిస్తున్నాయి. మా గల్లీలో బర్రెల గంటలు తప్ప ఏమీ లేవు. చీకటి పడేముందు, మూలమీద రంగుల దుకాణం ముసలాయన వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఏటా గునుగుకు రంగు ఆయన దగ్గరే తెచ్చేవాళ్లం. "అమ్మా, ఆప్కే వాస్తే హరా రంగ్ రక్కా హూఁ, కోయీ నై ఆయే?" అని అడిగాడు. మీకోసం ఆకుపచ్చ రంగు తీసిపెట్టాను, ఎవరూ రాలేదేం అని.

"మా అమ్మ అలిగింది భాయ్. రంగు ఇప్పుడొద్దు," అంది అత్తమ్మ.

"రూఠే సో ఉనో కో మనానా పడ్తా నా అమ్మా," అన్నాడాయన. అలిగినవాళ్లను బతిమాలాలి కదా అని.

"బతిమాలితే లేసే అలుగుడు గాదు భాయ్. దాని అలుపు దీరినాక అదే లేస్తది."

ఆయన ఆకుపచ్చ రంగు పొట్లం గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను గోడవైపు తిరిగి ఆ మాటే మళ్లీ మళ్లీ వింటున్నట్టు పడుకున్నాను. ఏడుపు వచ్చింది. అడుగుల చప్పుడైంది, తలుపు దగ్గరగా పడింది. మొదటిసారి ఆ తలుపు మీద నాకు కోపం రాలేదు.

ఎనిమిదో రోజు వెన్నముద్దలది. పాలవాళ్ల గల్లీలో అన్ని రోజులకన్నా ఆ రోజే గొప్ప. నువ్వులు, బెల్లం, వెన్న కలిపి నైవేద్యం పెడతారు, ఎవరి వెన్న తెల్లగా ఉందో చూసుకుంటారు, ఏడాదంతా దాని గురించి దెప్పుకుంటారు. ముందురోజే కవ్వాలు తిరిగాయి. ఆ పొద్దున కూడా గింజ చప్పుడు రాలేదు. అత్తమ్మ చెబితే వినకుండా ఎవరైనా ఆడతారేమోనని ఆమెకన్నా నాకే భయంగా ఉంది. ఆడితే అక్కడితో అయిపోయేది. లేవవలసి వచ్చేది నాకు.

పది గంటలవేళ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చున్న మామగారిని అడిగారు. "అయ్యగారూ, అన్ని గల్లీలల్ల వెన్నముద్దలు ఇయ్యాలనే అంటున్నరు. రేపు సద్దులు గూడ పోతయేమో, మీరొక్కసారి పంచాంగం చూడుండ్రి."

ఘడియ తప్పనివ్వని మనిషి ఆయన. పెళ్లిముహూర్తం మించిపోతోందని పెళ్లికొడుకు తండ్రినే కసిరిన మనిషి. లోపలికి వచ్చి కళ్లద్దాలు పెట్టుకున్నారు. పంచాంగం తీసుకుని మళ్లీ అరుగు మీదికి వెళ్లారు. కాగితాలు తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. వెతకవలసినంత పెద్ద పుస్తకమేమీ కాదది.

"తిథులున్నయి ఇందుల, నక్షత్రాలున్నయి," అన్నారు చివరికి. "పూల పండుగకు పేజీ లేదమ్మా. అది ఆడోళ్ల లెక్క. మా ఇంట్లామె ఎట్లంటే అట్లనే."

పేరు పెట్టనివాడికి కర్మ లేదు అన్న గొంతే అది. రెండు మాటలూ ఆయనవే. రెండోది చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. ఆ రోజు భోజనం దగ్గర ఆయన రెండోసారి అన్నం పెట్టించుకోలేదని మాత్రం అత్తమ్మ తరవాత చెప్పింది.

మధ్యాహ్నం పాలామె కూతురు వాకిట్లో గొణుగుతోంది, ఇయ్యాల గూడ లేదా అమ్మా, నేను ఎల్లుండి పోవాలె గదా అని. "లేదన్న గద, సప్పుడు జెయ్యకు," అని తల్లి కసిరింది. తరవాత మా వంటింటి కిటికీ దగ్గరకు వచ్చి అత్తమ్మతో మెల్లగా అంది. "వెన్న ఫికర్ జెయ్యకుండ్రి అమ్మగారూ. నీళ్లల ఏసి పెట్టినం. రేపటికి గూడ మంచిగనే ఉంటది. కోడలమ్మ లేవనీ."

కోడలమ్మ లేవనీ. అంటే గల్లీకంతా తెలుసు. నా గదిలో నేను ఒక్కదాన్నే దాక్కున్నాననుకున్నాను. బయట ఇంతమంది వెన్నను నీళ్లలో వేసుకుని, పాటలు నోట్లో ఆపుకుని, నా కోసం కూర్చుని ఉన్నారు. నాకు సిగ్గు వేసింది. సిగ్గుతోపాటు ఇంకోటి కూడా. ఆషాఢంనుంచి ఒంట్లో గడ్డకట్టినదేదో కాస్త కదిలినట్టైంది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత ఒళ్లెరగకుండా నిద్రపోయాను.

తొమ్మిదో రోజు తెల్లవారి నేనే లేచాను. వెనక వసారాలో తడి గోనెపట్టా కింద పూలు కుప్పగా ఉన్నాయి. గునుగుకు రంగులు వేసి ఆరబెట్టి ఉన్నాయి, ఆకుపచ్చ కూడా. పేర్చలేదు. అత్తమ్మ పొయ్యిముందు కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"అత్తమ్మా, ఇవ్వాళ ఎన్నో రోజు?" అని అడిగాను.

"నాకేం ఎర్క," అంది పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ. "నాకు లెక్క తప్పింది. నువ్వే జెప్పు."

గూటి దగ్గరికి వెళ్లాను. ఎడమ గిన్నెలో మూడు గింజలున్నాయి. ఒకటి తీసి కుడి గిన్నెలో వేశాను. ఇంకొకటి వేశాను. మూడోది కాసేపు చేతిలో పట్టుకున్నాను, నున్నగా, చల్లగా ఉంది. అది కూడా వేశాను.

"తొమ్మిది," అన్నాను. "సద్దులు."

"అయితే తానం చేసిరా. ఐదు తీర్ల సద్ది కలపాలె, పొద్దు బోతది," అంది. గొంతులో ఏ తేడా లేదు. కానీ చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. పొయ్యి పొగ ఆ పొద్దున అంతగా లేదు.

పెరుగన్నం, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. ఒకళ్లం కలుపుతుంటే ఒకళ్లం పూలు పేర్చాం. సాయంత్రం మా తాంబాళం గడప దాటగానే గల్లీలో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. ప్రతి ఇంటినుంచీ నిండుగా పేర్చిన తాంబాళం వచ్చింది. ఎవరికీ లెక్క తప్పలేదు మరి. వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు, మూడు రోజుల నైవేద్యాలూ ఒక్కసారే వచ్చాయి. నేను పాడాను. ఉయ్యాల అన్న మాట దగ్గర గొంతు పోయేది. అక్కడ అత్తమ్మ కాస్త గట్టిగా పాడేది, నా లోటు వినపడకుండా.

మామూలు రోజుల్లో గుడి వెనక బావిలో వదిలేవాళ్లం. సద్దులకు మాత్రం మూసీకి, పురానాపూల్ దాకా నడిచేవాళ్లం. దూరమే. నాకు మధ్యలో రెండుసార్లు కాళ్లు పీకాయి, పాలామె కూతురు నా తాంబాళం అందుకుంది. నీళ్లు మోకాళ్ల లోతున్నాయి. బతుకమ్మలను వదిలాం, కొన్ని అక్కడే తిరిగాయి, కొన్ని పోయాయి. గౌరమ్మ పసుపు తీసి ఒకరి ముఖానికొకరు రాసుకున్నారు. వాయినాలు ఇచ్చిపుచ్చుకున్నారు. అందరూ సద్దులు పంచుకుంటుంటే అత్తమ్మ నన్ను పిలిచి పక్కన ఒక బండ మీద కూర్చోబెట్టుకుంది. ఎన్నడూ లేనిది తనే మాట్లాడింది.

"నీ పెనిమిటి కంటె ముంగట నాకొక ఆడిపిల్ల," అంది నీళ్లవైపు చూస్తూ. "పన్నెండు దినాలున్నది. గా ఏడు గూడ గిట్లనే బతుకమ్మ ముంగటనే. మా అత్త తొమ్మిది దినాలు నాతోని పేర్పిచ్చింది. అలిగిన దినం గూడ పిండి విసిరిచ్చింది. చెడ్డది గాదు ఆమె. ఆమెకు గట్లనే ఎర్క."

నేను తడి కుచ్చిళ్లు పిండడం ఆపాను.

"పొద్దుగాల్నే గింజ పడేది. టంగున ఇనొస్తుండె. ఒక్క దినమన్న ఆగుతదేమోనని సూసిన. ఆగలే. నాకెవ్వలు లెక్క తప్పలే బిడ్డా."

అప్పుడు ఏడ్చాను. మూసీ ఒడ్డున, గల్లీ ఆడవాళ్లందరి ముందూ, నా కొడుక్కీ, ఆమె కూతురికీ కలిపి. ఆమె నా వీపు మీద చెయ్యి వేయలేదు. కొంచెం జరిగి, నా భుజానికి తన భుజం తగిలేట్టు కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు దారిలో అంది, "ఇగ గింజలు నువ్వే జరుపు. నా కండ్లకు ఆనుతలేవు." ఆమె కళ్లు బాగానే ఉన్నాయి.

మరుసటి ఏడు బతుకమ్మకు తొమ్మిది గింజలూ నేనే వేశాను. ఆరో రోజు గింజ జరిపాను, అందరం ఊరుకున్నాం. అత్తమ్మ మాత్రం ఆ రోజు కూడా కూర్చుని మినుములు బాగుచేసింది. ఏడో రోజు పొద్దున స్నానం చేసి గూటి ముందుకు వచ్చి, గింజ చేతిలోకి తీసుకుని, మళ్లీ ఎడమ గిన్నెలోనే చప్పుడు కాకుండా పెట్టాను.

అత్తమ్మ వేపకాయలకు పిండి జల్లిస్తోంది. చెయ్యి ఆగింది. "ఏందే, గింజ ఇనరాలే?" అంది.

"ఇవ్వాళ కూడా ఆరో రోజే అత్తమ్మా."

"ఎవ్వలు అలిగిండ్రు?"

"మీరు," అన్నాను. "అప్పుడు అలగనియ్యలేదు కదా."

ఆమె జల్లెడ పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. లోపలి గదిలోకి వెళ్లి చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్లి చూసి, తలుపు దగ్గరగా వేశాను.

పాలామె పాలు తెచ్చింది. ఇయ్యాల ఆరో దినమే అని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, తరవాత నా వెనక మూసి ఉన్న తలుపు చూసింది.

"మాకు గూడ గంతే," అంది.

మామగారు అరుగు మీదే ఉన్నారు. పంచాంగం తీయలేదు. ఆ పూట వంట నేనే చేశాను. అత్తమ్మ పొద్దు గూకేదాకా లేవలేదు.